పాట నడుమ పోయినోడు

పోయిన వారం మనం వీరభద్రను నల్లబండ మ్యూజియం గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో క్లారినెట్ పెట్టె, మొహం నిండా చిరాకు. కడపలో ఒకప్పుడు ఎర్రకోట్ల బ్యాండు అంటే వీరభద్ర బ్యాండే. ఆయన క్లారినెట్ లేనిదే పెళ్లి మెరవణి కదిలేది కాదు. డీజే పెట్టెలు వచ్చాక బ్యాండు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. అలాంటి మనిషిని కూతురు శివజ్యోతి బతిమాలింది, అలిగింది, చివరికి వాళ్లమ్మ లక్ష్మక్కతో చెప్పించి తను పనిచేసే మ్యూజియానికి కొన్నాళ్ల కిందట మొదటిసారి లాక్కొచ్చింది.

మూతపడిన బండల పాలిష్ ఫ్యాక్టరీ అది. ఊరి చివర ఉంది. దాన్నే మ్యూజియం చేశారు. అందులో శివజ్యోతి నెలకోసారి ఒక కార్యక్రమం పెడుతోంది. గోడ మీద ఒక బొమ్మ, తెర మీద మాటల్లేని సినిమా, ఆ రెండింటినీ కలుపుతూ అక్కడికక్కడే పుట్టే కొత్త సంగీతం. ఈ నెల సినిమా కల్లూరు నుంచి వచ్చిన భూపేష్ అనే కుర్రాడిది. పాత పెళ్లి క్యాసెట్లు ఊరూరా సేకరించి, వాటిలోంచి ముక్కలు ఏరి అతికించాడు. అతనికి ఒక్కటే లోటు. క్లారినెట్‌కు జవాబు చెప్పే రెండో గొంతు కావాలన్నాడు. "కడప జిల్లాలో అట్లాంటోళ్లు ఎవరూ లేరప్పా" అని వీరభద్ర తెగేసి చెప్పాడు. అది అబద్ధమని ఆయనకూ తెలుసు, కూతురికీ తెలుసు. కానీ ట్రంపెట్ ఏసురాజు పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కార్యక్రమం ఆదివారం సాయంత్రం. ఇప్పుడు శనివారం పొద్దున.

"ఊదే ముందర సినిమా ఒక్కసారన్నా చూపియ్యవా?" లోపలికి అడుగుపెడుతూనే అడిగాడు వీరభద్ర.

"చూపియ్యను సార్" అన్నాడు భూపేష్, వైర్లు చుట్టుకుంటూ. "చూస్తే మీరు ముందే ఆలోచించి పెట్టుకుంటారు. నాకు మొదటిసారి చూస్తా వాయించేదే కావల్ల."

"రాగమన్నా చెప్పు."

"ఏ రాగమూ వద్దు సార్."

"తాళం?"

"అదీ వద్దు."

"ఇంగ నన్నెందుకు పిలిచినావప్పా? సైకిల్ షాపులో గాలి కొట్టే పంపు తెచ్చుకోకపోయినావా!"

ప్రొజెక్టర్ దగ్గర నిలబడిన శివజ్యోతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భూపేష్‌కు మాత్రం నవ్వాలో వద్దో తెలియలేదు.

నిజానికి వీరభద్ర చిరాకు పైపైదే. ఎదురు గోడ మీద నరసన్న మేష్టారు వేసిన పెద్ద బొమ్మ ఉంది. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మేష్టారు ఆయన. ఇప్పుడు లేరు. బొమ్మంతా కాల్చిన ఇటుక రంగు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే ఒక నల్లగీత, వణుకుతూ, లావెక్కుతూ, సన్నబడుతూ పోతుంది. మొదటిసారి చూసినప్పుడు "ఇటుకల బట్టీ మీద తారు పోసినారు" అని వీరభద్ర ఇంటికి పోయి భార్యకు చెప్పాడు. కానీ మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. ఆ గీత వెంబడి చూపు నడిపిస్తూ ఊదాడు. తనకు ఊపిరి తీసుకోవాలనిపించిన చోట గీత ఆగదు. తను ఆగకూడదనుకున్న చోట సన్నబడి ఆగమంటుంది. గీతతో పోట్లాడుతూ ఆ చివరికి చేరేసరికి చొక్కా తడిసిపోయింది, మనసు తేలికైంది. ఫలానా పాట వాయించమని కేకేసే వాళ్లు లేరు. పెళ్లివారి మొహం చూసి ఊదాల్సిన పని లేదు. అప్పటి నుంచి రోజూ వస్తున్నాడు. ఈ వయసులో తనకు ఇదేం సంబరమోనని లోలోపల సిగ్గుపడుతూనే వస్తున్నాడు.

రేపటి సినిమా కొంచెం మాత్రం వేసి, వాయించి చూద్దామని బొమ్మ మీదిది తప్ప లైట్లన్నీ ఆర్పారు. స్పీకర్లలోంచి ఒక రొద మొదలైంది. బండలు కోసే రంపం శబ్దాన్ని భూపేష్ బాగా నెమ్మదిగా తిప్పితే వచ్చిన రొద అది. తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టు ఉంది. వీరభద్ర క్లారినెట్ మూతికుండే రీడు పుల్ల తడిపి, గీత మొదలు వైపు చూసి, కింది స్థాయిలో అందుకున్నాడు.

తెర మీద సినిమా కదిలింది. పెళ్లికొడుకు ఒకడు ఆవలింత ఆపుకోలేక తంటాలు పడుతున్నాడు. లైటు పడగానే ఆడవాళ్లు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకుంటున్నారు. విస్తరి ముందు కూర్చున్న ఒక పెద్దాయన కెమెరా వైపు చూస్తూ నమలడం మర్చిపోయాడు. అన్నీ ఎంతో నెమ్మదిగా. వీరభద్ర పెళ్లికొడుకు ఆవలింతకు తగ్గట్టు ఒక స్వరాన్ని సాగదీసి సాగదీసి వదిలాడు. ఆడవాళ్ల మీదికి చిలక ముక్కుతో పొడిచినట్టు చిన్న చిన్న స్వరాలు వేశాడు. నమలడం మర్చిపోయిన పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి తనే ఊదడం ఆపి, ఆయన మళ్లీ దవడ ఆడించగానే మొదలుపెట్టాడు. శివజ్యోతి పకపకా నవ్వేసింది. భూపేష్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతను అడిగింది ఇదే. అడిగినదానికన్నా ఎక్కువే దొరికింది.

అప్పుడు తెర మీదికి ఒక మెరవణి వచ్చింది.

ఎర్రకోట్లు. భుజాల మీద జరీ పట్టీలు. ముందు వరసలో దట్టమైన మీసాలతో క్లారినెట్ ఊదుతున్న మనిషి ఎవరో పోల్చుకోవడానికి వీరభద్రకు కొంచెం సేపు పట్టింది. అది తనే. పక్కనే బుగ్గలు పూరించి ట్రంపెట్ ఎత్తిన మనిషిని మాత్రం వెంటనే పోల్చుకున్నాడు. ఏసురాజు. పెళ్లి జరిగిన ఊరు రాజంపేట. ఇద్దరినీ విడదీసిన పెళ్లే అది. ఇరవై ఏళ్ల పైమాట. అసుర సంధ్య వేళ, నడివీధిలో, పాట మంచి జోరు మీద ఉండగా తన పక్కన ట్రంపెట్ ఆగిపోయింది. తల తిప్పి చూస్తే ఏసురాజు లేడు. పాట కూలిపోయింది. పెళ్లివారి పెద్దమనిషి అందరి ముందూ చెయ్యెత్తి అరిచాడు. ఆ అవమానం వీరభద్ర మరిచిపోలేదు.

వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి. ఆయన ఊదుతూనే ఉన్నాడు. ఏం జరగబోతుందో తెలుసు. ఏసురాజు పోతాడు. ఆ రోజు ఎటు పోయాడో తను చూడలేదు. కెమెరా మాత్రం ఎదురుగా ఉంది.

తెర మీద ఏసురాజు కళ్లు ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. ట్రంపెట్ పెదవుల నుంచి జారింది. దాన్ని కింద పెట్టను కూడా పెట్టలేదు, వదిలేశాడు. అది రోడ్డు మీద పడి దొర్లింది. మనిషి పరిగెత్తాడు. ఏం జరుగుతోందోనని కెమెరా పట్టుకున్నవాడు కూడా అటు తిరిగాడు. లైట్లకు కరెంటిచ్చే జనరేటరు బండి, దాని మీద నిద్రపోతున్న ఒక చిన్నపిల్ల. పక్కన ఎవరో వెలిగించిన చిచ్చుబుడ్డి. పిల్ల పావడ అంచు మీద నారింజ రంగు మంట. ఏసురాజు మోకాళ్ల మీద పడి ఆ మంటను రెండు చేతులతో పట్టుకుని నలిపేశాడు. పిల్ల కళ్లు తెరిచింది. అంతలో కెమెరా మళ్లీ పెళ్లికొడుకు వైపు తిరిగిపోయింది.

క్లారినెట్ ఆగిపోయింది. రంపం రొద మాత్రం హాలంతా తిరుగుతోంది.

"భూపేష్, దాన్ని ఆపి వెనక్కి పోనీ" అంది శివజ్యోతి. 

ఈసారి ఏ శబ్దమూ లేకుండా ముగ్గురూ చూశారు. పిల్ల కళ్లు తెరిచిన చోట భూపేష్ బొమ్మను నిలిపాడు.

"ఆ పచ్చ పావడ నాది నాయనా" అంది శివజ్యోతి. "కాలిన గుడ్డ వాసన నాకు కల్లో వస్తాంటాది, ఇప్పటికీ. అంటే అది కల కాదు గదా."

వీరభద్ర నేల మీద కూలబడ్డాడు. కింద నల్లబండ చల్లగా ఉంది. ఆ రోజు పిల్లను మేళంతో పాటు తెచ్చింది తనే. వద్దని లక్ష్మక్క ఎంత చెప్పినా వినలేదు. క్లారినెట్ వింటే గానీ నిద్రపోని పిల్ల. జనరేటరు బండి మీద దుప్పటి పరిచి పడుకోబెట్టింది తనే. ఆ తర్వాత, పాట చెడిపోయాక, వీధి చివర నుంచి తిరిగొచ్చిన ఏసురాజును అంతమందిలో తను అన్న మాట కూడా గుర్తొచ్చింది. ‘తాగి పాట నడుమ పోతావురా?’ చర్చిలో పాడే మనిషి, చుక్క ముట్టని మనిషి. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడి, "సరే అన్నా" అన్నాడు. ఎర్రకోటు విప్పి బండి మీద పెట్టి వెళ్లిపోయాడు. చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకున్నాడో తను అడగలేదు.

భూపేష్ భయపడుతూ దగ్గరికొచ్చాడు. "సార్, మీకు బాధైతే ఆ ముక్క తీసేస్తా."

"తీసినావంటే కాళ్లిరగ్గొడతా!" వీరభద్ర గబుక్కున లేచాడు. క్లారినెట్ విడదీసి పెట్టెలో సర్దాడు. "రెండో గొంతు కావల్లంటివి గదప్పా? తెచ్చేకి పోతాండా."

"యాడికి నాయనా?"

"రాజంపేటకు, ఏసు ఉండేది ఆడనే. నీ బండి మీద బస్టాండుకాడ దింపు. మీ అమ్మకు ఫోన్ చేసి అన్నానికి రానని చెప్పు. ఎందుకని అడిగితే..." పెట్టె చంకన పెట్టుకున్నాడు. "ఎందుకో నేనే వచ్చి చెప్తానని చెప్పు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా మాటలు కూర్చుకున్నాడు వీరభద్ర. ఒంటిమిట్ట దాటేవరకూ క్షమాపణ పొడుగ్గా ఉంది. నందలూరు దగ్గరికి వచ్చేసరికి సగమైంది. బస్సు చెయ్యేరు వంతెన ఎక్కినప్పుడు కిందున్న ఇసుకను చూస్తూ మిగతాది కూడా మరిచిపోయాడు. రాజంపేటలో దిగి, ఇద్దరు ముగ్గురిని అడిగి, ఏసురాజు షామియానాల అంగడి ముందు నిలబడేసరికి నోట్లో ఒక్క మాట కూడా మిగల్లేదు.

అంగడి ముందు ఎర్ర షామియానా గుడ్డ ఎండలో పరిచి ఉంది. ఏసురాజు దాని చిరుగులు వెతుకుతున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మనిషి లావెక్కాడు. నీడ పడగానే తలెత్తి చూశాడు. చూసి, చూస్తూనే ఉండిపోయాడు.

"ఏం కావల్ల?" అన్నాడు చివరికి.

"షామియానా" అన్నాడు వీరభద్ర. నోటికి అదే వచ్చింది.

"ఎంత పెద్దది?"

"నా మొగం దాచుకునేంత."

ఏసురాజు మూతి బిగించాడు. బిగించిన మూతి చివర్లు వణికాయి. అది కోపమో నవ్వో తెలియలేదు. "అంత పెద్దది మా కాడ లేదు. కడపలోనే అడగల్ల."

"ఏసూ, చేతులు చూపీ."

ఏసురాజు మొహం మారిపోయింది. ఆ రోజు లాగానే రెండు చేతులూ వెనక్కి పోయాయి. "ఎందుకు?"

"చూసినా. వీడియోలో చూసినా. పిల్ల పావడ అంటుకునేది, నువ్వు ఉరికేది, అంతా చూసినా. ఎవరో తీసినారంట. ఇన్నాళ్లూ క్యాసెట్ యాడో పడి ఉండె. నిన్నేమో నేను..." ఒక అడుగు ముందుకు వేశాడు. "ఒక్క మాట చెప్పకపోయినావా ఏసూ? ఒక్కటంటే ఒక్క మాట!"

"చెప్పేకి లేదన్నా."

"ఎందుకు లేదు?"

"మాటిచ్చినా."

"ఎవరికి?"

ఏసురాజు కింద గుడ్డ వైపు చూశాడు. "ఎవరికిచ్చినానో చెప్పినా మాట తప్పినట్లే. నువ్వు చూసింది నువ్వు చూసినావు. నా నోట నేను చెప్పను. ఆ బిడ్డ చెప్పమంటేనే చెప్తా."

వీరభద్రకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "జ్యోతికా? చిన్నపిల్లకిచ్చిన మాటారా! అదిప్పుడు మ్యూజియంలో ఆఫీసరప్పా!"

"అయితే? బిడ్డ పెద్దదైతే మాట మాసిపోతాదా?"

వీరభద్ర జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. అవతల కూతురు "నాయనా, దొరికినాడా?" అని అరిచింది.

"దొరికినాడమ్మా. నీ ఏసు చిన్నాయన ఎదురుగానే ఉండాడు. నోరు ఇప్పడంట. నీకేదో మాటిచ్చినాడంట. నువ్వు ఇడిపిస్తేనే చెప్తాడంట. సూడు ఈ మనిషిని!"

 ఫోన్‌లో సన్నగా, ఆఫీసరు గొంతు కాదు, ఎప్పటిదో గొంతు వచ్చింది. "చిన్నాయనా?"

"ఆ, చెప్పమ్మా" అన్నాడు ఏసురాజు. ఎవరో పెద్దవాళ్లు పిలిచినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మకు చెప్పొద్దన్నానా నేను?"

"అన్నావు తల్లీ."

"నాకు మర్చిపోయింది చిన్నాయనా. నువ్వు మర్చిపోలేదా?"

"నువ్వు ఒట్టేపిచ్చుకుంటివి గదా."

ఫోన్‌లో నవ్వు, ఏడుపు కలిసి వినపడ్డాయి. "ఇంగ చెప్పొచ్చు. నాయనకు, అమ్మకు, అందరికీ చెప్పొచ్చు. నా మీద ఒట్టు తీసేసినా. సరేనా?"

"సరేనమ్మా" అన్నాడు ఏసురాజు. వెనక్కి పెట్టుకున్న చేతులు మెల్లగా ముందుకు తెచ్చాడు.

కుడి చేతి రెండు వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. తోలు నున్నగా మెరుస్తోంది. వీరభద్ర ఆ వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నడిరోడ్డు పక్కన, ఎండలో, ఇద్దరు ముసలివాళ్లు అలా చేతులు పట్టుకుని నిలబడితే ఆటోవాడొకడు హారన్ కొట్టి, "ఏం పెద్దాయనా, పెళ్లా?" అని నవ్వుతూ పోయాడు.

"మంట ఆర్పినాక పిల్ల ఏడ్చలేదన్నా" అని చెప్పడం మొదలుపెట్టాడు ఏసురాజు. "అమ్మకు చెప్పొద్దు చిన్నాయనా అనింది. ఎందుకే అంటే, తెలిస్తే నాయన పాట ఇనేకి మళ్లీ పంపదు అనింది. అదీ దాని భయం. ఒళ్లు కాలేది కాదు. ఒట్టు పెట్టమనింది. పెడితి. పావడ అంచు కాలిపోయింది గదా, అంగడికి పోయి అట్లాంటిదే కొని తొడిగించినా. ముందుదానికి పసుపు అంచు, దొరికినదానికి నీలం. అంగట్లో ఇంకొకటి లేదు."

వీరభద్ర కళ్లు పెద్దవి చేశాడు. "అందుకేనా! రంగు దిగిపోతాందని లక్ష్మి ఆ నెలలోనే సబ్బు మార్చింది. సబ్బుదే తప్పని అంగడోనితో గొడవ గూడా పెట్టుకునె!"

అప్పుడు నవ్వారు. మొదట వీరభద్ర, తర్వాత ఏసురాజు. పొట్ట పట్టుకుని, షామియానా మీద కూర్చుండిపోయి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ నీళ్లు తుడుచుకునేటప్పుడు ఇద్దరూ చెరో వైపు తిరిగారు.

"మాటిచ్చింది నిజమే" అన్నాడు ఏసురాజు నవ్వు తగ్గాక. "కానీ అన్నా, అంతా ఆ మాట వల్లనే అంటే అబద్ధమవుతాది. అంతమందిలో నువ్వు తాగినావంటివి. నాకూ పౌరుషం పొడుచుకొచ్చె. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటి. నువ్వు రాలేదు, నేను రాలేదు. పిల్లకిచ్చిన మాట నాకు దాక్కునేకి బాగుండె."

వీరభద్ర ఆ రెండు వేళ్లను ఇంకోసారి నిమిరాడు. తర్వాత అసలు పని గుర్తొచ్చినట్టు లేచి నిలబడ్డాడు.

"ట్రంపెట్ యాడుండాది?"

"ఉండాది. చర్చిలో క్రిస్మస్‌కు ఊదుతా. ఎందుకు?"

"రేపు సాయంత్రం నువ్వు నా పక్కన ఊదల్ల. మ్యూజియంలో."

ఏసురాజు తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదన్నా. ఈ వేళ్లు మీటను పూరా నొక్కవు. సొరం సగంలో వంగిపోతాది. చర్చిలో అయితే దేవుడు సర్దుకుంటాడు. పట్నంలో జనాల ముందర పరువు పోతాది."

"వంగుతాదా?" వీరభద్ర మొహం వెలిగింది. "ఎట్ల వంగుతాది? ఊది సూపీ."

లోపల చెక్కపెట్టెలోంచి ట్రంపెట్ తెచ్చాడు ఏసురాజు. ఇత్తడి మీద పెద్ద సొట్ట. రోడ్డు మీద పడి దొర్లినప్పటిది. ఎత్తి ఊదాడు. స్వరం మొదట నిండుగా లేచింది. ముడుచుకున్న వేలు మీట మీద జారిన చోట పక్కకు ఒరిగింది. రెండు స్వరాల సందులో, పేరులేని ఒక చోట, కాసేపు వణుకుతూ నిలబడింది. వీరభద్రకు నరసన్న మేష్టారి నల్లగీత కళ్ల ముందు ఆడింది. ఆ గీత సన్నబడి వణికేచోట ఏం ఊదాలో ఇన్ని రోజులుగా తనకు తెలియలేదు. క్లారినెట్‌లో అది పలకలేదు.

"ఓరి నీ... ఇదేరా! ఇదే కావల్ల ఆ పిల్లోనికి!" ఆయన గంతు వేసినంత పని చేశాడు. "రాగం వద్దంటాడు, తాళం వద్దంటాడు. నువ్వు ఇట్ల సొరం వంచినావంటే కాళ్ల మీద పడతాడు. ఏసూ, మనం ఇన్నేండ్లూ తప్పు పోకుండా ఊదేకి సచ్చినాం గదా. ఆ కల్లూరు పిల్లోడు తప్పునే వాయించమంటాడప్పా! ఎంత సుఖముందో నీకు తెలీదు. బొమ్మను చూస్తా ఊదేది. గీత ఎట్ల పోతే అట్ల పోయేది."

"బొమ్మను చూస్తానా?"

"బొమ్మనే. నాకూ తిక్కనుకుంటి. వచ్చి ఒక్కసారి ఊదు. ఆడికి పోయి నచ్చకపోతే తిరుగు బస్సుకు నేనే ఎక్కిస్తా."

ఏసురాజు షామియానా వైపు చూశాడు, ట్రంపెట్ వైపు చూశాడు. చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "ఉండు. ఇస్త్రీ చొక్కా ఏసుకుని వస్తా."

సాయంత్రం బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. ఒళ్లో చెరో పెట్టె. ఏసురాజు మ్యూజియం గురించి అడుగుతూనే ఉన్నాడు. బొమ్మల ముందు జనం మాట్లాడుకోవచ్చా, చెప్పులు విప్పాలా, సినిమాకు మాటలు లేకుంటే కథ ఎట్ల తెలుస్తుంది. వీరభద్ర అన్నీ తెలిసినవాడిలా చెబుతున్నాడు. "కథ లేదప్పా. మొగాలు చూడల్ల. మొగాల్లోనే అంతా ఉండాది." వెనక సీట్లో కూర్చున్న ఆడవాళ్లు పెట్టెలు చూసి ఏమైనా వాయించమని అడిగారు. ఏసురాజు అక్కడికక్కడే పెట్టె తెరిచి వంకర స్వరమొకటి ఊదాడు. బస్సంతా గొల్లున నవ్వింది. వీరభద్ర అందుకుని ఆ స్వరానికి జవాబు చెప్పాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

నందలూరు దాటుతుండగా వీరభద్ర ఫోన్ మోగింది. కూతురు.

"నాయనా, బస్సెక్కినారా? చిన్నాయన వస్తాండాడా?"

"వస్తాండాడు. పక్కనే ఉండాడు. బస్సు బస్సునే ఊపేస్తాండాడు."

"మంచిది నాయనా. ఇంకొక సంగతి. పోస్టర్లో ఏసిన పెళ్లి బొమ్మల్లో తమను గుర్తుపట్టినోళ్లు వచ్చి చెప్పమని రాసింటిమి గదా? ఇప్పుడు ఒకామె వచ్చింది. శిల్ప గారంట. రాజంపేట మెరవణి వాళ్లింటికి వచ్చిందేనంట. ఆ పెళ్లికూతురు తనేనంట."

"సినిమా వెయ్యొద్దంటాందా?"

"లేదు. కూర్చుని అంతా చూసింది. చిన్నాయన మంట ఆర్పే చోట రెండుసార్లు ఆపించింది. ‘ఆ ట్రంపెట్ ఆయన యాడుండాడు? పేరు గూడా తెలీక ఆ రోజు నుంచి ఆయన కోసం అడుగుతానే ఉండా’ అనింది. వస్తాండాడని చెప్పినా. ఆయన వచ్చేదాకా కదలనని బొమ్మ ముందర బెంచీ మీద కూర్చునింది."

వీరభద్ర ఫోన్ పెట్టి, సంతోషంగా ఈ మాట చెబుదామని పక్కకు తిరిగాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఫోన్‌లో మాటలు ఏసురాజుకు వినపడ్డాయి. అప్పటికే ఆయన ట్రంపెట్ పెట్టె మూత బిగిస్తున్నాడు.

"కండక్టరన్నా, బండి ఆపప్పా. నేను ఈడ దిగల్ల."

"ఏసూ!" వీరభద్ర ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఏమాయ? యాడికి?"

"ఇడువన్నా. ఆయమ్మ ఆడ ఉంటాదని తెలిసింటే నేను బస్సే ఎక్కేవాణ్ని కాదు."

"ఎందుకు? ఆయమ్మ నిన్నేం చేస్తాది?"

ఏసురాజు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు చేతులు కాలినాక నీళ్ల కోసం వాళ్లింటి పెరట్లోకి పోతి. ఆడ పెళ్లికూతురు ఒంటరిగా నిలబడి ఉండె. ఆయమ్మకు గూడా ఒక మాటిచ్చినా అన్నా. జ్యోతికిచ్చింది నిలబెట్టుకున్నా. ఆయమ్మకిచ్చింది నిలబెట్టుకోలేదు."

కండక్టరు విజిల్ వేశాడు. బస్సు వేగం తగ్గి, రోడ్డు పక్కన దుమ్ములోకి దిగి ఆగింది.